చాప మీద మెంతుల వాసన

నా చిన్నప్పుడు నాకొక అలవాటు ఉండేది. ఎవరూ చూడకుండా నా మోచేతి మడతను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకునేదాన్ని. ఇదేం పిచ్చి అని నవ్వుతారేమో, నవ్వండి. గిద్దలూరు ఆడపిల్లల హాస్టల్లో ఆరో తరగతి చదివిన ఆ ఏడాది, మా ఇల్లు నా ఒంట్లో ఇంకా ఎంత మిగిలి ఉందో తెలుసుకోవడానికి నాకు అంతకన్నా దారి దొరకలేదు.

మాది కొమరోలు పక్కన వాన మీద బతికే పల్లె. అమ్మా నాయనా కూలికి పోయేవాళ్లు. ఆ ఏడాది వానలు మొహం చాటేయడంతో చలి ముదిరే వేళకు మా వీధిలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. అందరూ గుంటూరు వైపు మిరపకోతలకు పోయారు. మా వాళ్లూ పోయారు. పోయేముందు అమ్మ హాస్టలుకు వచ్చి, నా నెత్తిన చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేసింది. "మూడు నెల్లు ఓర్చుకో పాపా. ఎవురి చేతా మాట పడగాకు," అంది. నాయన గేటు దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, జేబులోంచి ఒక వేరుశనగ ఉండ తీసి నా చేతిలో పెట్టి పోయాడు. ఇంటి తాళంచెవి అమ్మ బొడ్లో ఉంది. సెలవొచ్చినా, పండగొచ్చినా ఈ మూడు నెలలూ నాకు పోవడానికి ఇల్లు లేదని ఆ తాళంచెవిని చూశాకే నాకు బాగా తెలిసివచ్చింది.

హాస్టలంటే పెద్ద భవనమేమీ కాదు. రైలు కట్టకు దగ్గరలో అద్దెకు తీసుకున్న ఒక పాత ఇల్లు. రెండు పొడుగాటి గదులు, ముందు వరండా, వెనక వంటపాక, దాని పక్కన బోరింగు. ముప్పై మందికి పైగా ఉండేవాళ్లం. ఇద్దరికి ఒక చాప, ఒక బొంత. ఎవరినీ పేర్లతో పిలుచుకునేవాళ్లం కాదు, ఊళ్లే మా పేర్లు. నేను కొమరోలు పిల్లను. నా చాపలో రెండో మనిషి త్రిపురాంతకం పిల్ల. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఏది అడిగినా సగం మాటలో జవాబు చెప్పి ఊరుకునేది. ఆమెకు నేనంటే ఇష్టమో కాదో నాకు తెలిసేది కాదు. అడిగే ధైర్యం నాకు లేదు.

తిండి అందరికీ ఒకటే. పొద్దున గోధుమనూక ఉప్మా, రెండు పూటలా అన్నం, పలచటి పప్పు, చింతపండు చారు. ఉల్లిపాయలే అంతంతమాత్రం, వెల్లుల్లి అయితే వంటపాక గడప తొక్కేది కాదు. అందుకని నెల తిరిగేసరికి ముప్పై మందిమీ ఒకే వాసన కొట్టేవాళ్లం. నెలకొక ఆదివారం పిల్లలను ఇళ్లకు పంపేవాళ్లు. సోమవారం పొద్దున తిరిగొచ్చిన పిల్లల పక్కన కూర్చుంటే ఒక్కొక్కరిది ఒక్కో వాసన. ఎండుచేపలు తిన్న పిల్ల ఒకతె, ఉల్లిగడ్డ పులుసు తిన్న పిల్ల ఒకతె. వాళ్ల చెమటలో, ఊపిరిలో, విప్పి తీగ మీద వేసిన రవికలో కూడా ఇల్లు ఉండేది. బుధవారానికి అది సగం పోయేది. శుక్రవారానికి అందరూ మళ్లీ పప్పుచారు అయిపోయేవాళ్లు. నేను మాత్రం సోమవారం కూడా పప్పుచారే.

ఈ వాసనల సంగతి నాకు నేర్పింది మా వంటపెద్దమ్మ. హాస్టల్లో వంట ఆమెదే. మొగుడు పోయిన మనిషి, పిల్లల్లేరు, వంటపాక పక్క గదిలోనే ఉండేది. ఆమె ముక్కంటే మాకు భయమూ సరదా కూడా. సోమవారం పొద్దున గేటు దగ్గర నిలబడి, లోపలికి వచ్చే ఒక్కో పిల్ల తల దగ్గరికి వంగి, ఇంట్లో ఏం తిన్నదో చెప్పేసేది. ఎలా చెప్తావు పెద్దమ్మా అని అడిగితే ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే.

"తిన్నది యాడికీ పోదు పాపా. కొంత చెమటలో దిగుతాది, కొంత పోసే ఉచ్చల్లో దిగుతాది. బాలెంత ఎల్లిగడ్డ తింటే చంటిదానికిచ్చే పాలల్ల దిగుతాది. మేక ఏపాకు మేసిన రోజు పాలు చేదు గాలా?"

పిల్లలందరూ ముక్కులు మూసుకుని నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు. తిండి గురించి మాట్లాడేటప్పుడు ఆమె చాలా పెద్దమనిషి తరహాలో ఉండేది. ఒక సోమవారం నేను కూడా వెళ్లి ఆ వరసలో నిలబడ్డాను. ఇంటికి పోలేదు కదా, ఊరికే నిలబడ్డాను. ఆమె నా దగ్గరకు వచ్చేసరికి, "నీ కాడ జూసేదానికి ఏముంది, నా వంటే గదా," అని నా బుగ్గ మీద తట్టి దాటిపోయింది. సరదాకే అంది. నేను మాత్రం బోరింగు వెనక్కి పోయి, మొహం కడుక్కునే వంకతో చాలాసేపు అక్కడే ఉన్నాను.

ఆ సోమవారమే గేటు దగ్గర పెద్దమ్మ త్రిపురాంతకం పిల్లను చూసి, "అబ్బో, ఎల్లిగడ్డ కారం! బాగా దంచింది మీ యమ్మ," అంది. అందరూ విన్నారు. ఆ పిల్ల ఆ కారాన్ని ఒక గాజు సీసాలో పోసుకుని తెచ్చుకుందని మాత్రం ఎవరికీ తెలియదు. బయటి తిండి హాస్టల్లో దాచుకోకూడదు, అది వార్డెన్ మేడం పెట్టిన కట్టుబాటు. ఆ సాయంత్రం అన్నం తింటుంటే ఆ పిల్ల నా కంచం వైపు వంగి, అన్నం కాస్త పక్కకు జరిపి, అడుగున ఒక చెంచా కారం పెట్టి మళ్లీ అన్నంతో కప్పేసింది. నా వైపు చూడను కూడా చూడలేదు. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. నేను థాంక్స్ చెప్పలేదు. అట్లాంటి మాటలు మాకు అప్పట్లో వచ్చేవి కావు.

మూడో రోజు పొద్దున మోచేయి వాసన చూసుకుంటే వెల్లుల్లి. మా అమ్మ దంచినది కాదు, ఎవరి అమ్మో దంచినది. అయినా నా ఒంటికి ఒక ఇంటి వాసన వచ్చిందని ఆ రోజంతా గాలిలో తేలినట్టు తిరిగాను.

ఆ చలిలోనే రాత్రుళ్లు నిద్రలో మా చాప తడవడం మొదలైంది. మొదటిసారి లేచేసరికి ఇద్దరి లంగాలూ తడిసి ఉన్నాయి. ఆమె నన్ను చూసింది, నేను ఆమెను చూశాను. దేవుడి ఎదుట చెప్తున్నాను, ఆ రోజు నాకు నిజంగా తెలియదు. రెండోసారీ తెలియదనే అనుకున్నాను. మూడోసారి ఆమె కన్నా ముందు నాకు మెలకువ వచ్చింది. నా లంగా మొత్తం తడి. ఆమె లంగాకు నా వైపున్న అంచు మాత్రమే తడి. ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు. మెల్లగా చాప పొడి వైపుకు జరిగి, ఆమె లేచేదాకా కళ్లు మూసుకుని పడుకున్నాను.

పిల్లల సభ వరండాలో కూడింది. ఒకతె బొంత ఎత్తి వాసన చూసి, "ఎల్లిగడ్డ కంపు!" అని అరిచింది. ఇంక సాక్ష్యాలెందుకు? హాస్టల్లో వెల్లుల్లి తిన్న మనిషి ఒక్కతే, ఆ సంగతి పెద్దమ్మే గేటు దగ్గర చెప్పింది. పెద్దమ్మ విద్యను పెద్దమ్మ కన్నా ఎక్కువగా నమ్మారు మా వాళ్లు. ఒకే కారం రెండు కంచాల్లో ఉందని తెలిసింది ఇద్దరికే. ఒకతె నేను. రెండోది నోరు తెరిచి ఆ ఒక్క ముక్క చెబితే చాలు, సగం నింద నా మీదికి వచ్చేది. ఆమె చెప్పలేదు. సీసా సంగతి బయటపడుతుందనే భయంతో చెప్పలేదని నేననుకున్నాను. అట్లా అనుకోవడం నాకు సుఖంగా ఉండింది మరి.

వార్డెన్ మేడం చెడ్డ మనిషి కాదు. కానీ బొంతలు చాలవు, ఎండ లేదు, ఇంటి యజమాని వచ్చి ఇల్లంతా కంపు కొడుతోందని రోజూ రభస చేస్తున్నాడు. మా ఇద్దరినీ నిలబెట్టి అడిగింది. త్రిపురాంతకం పిల్ల, "నేను గాదు మేడం," అని ఒక్కసారి చెప్పి తల దించుకుంది. నేనైతే నోరు మూయలేదు. నేను గాదు మేడం, నాకు చిన్నప్పట్నించీ ఆ అలవాటు లేదు, కావాలంటే మా ఊరిలో అడగండి, మా అమ్మ మీద ఒట్టు మేడం, నేను గాదు. అన్నీ ఒక్క ఊపిరిలో అనేశాను. ఇంకొక్కసారి అయితే మీ నాయనకు కార్డు రాస్తాను, వచ్చి తీసుకుపోతాడు అని మేడం ఆ పిల్లతోనే చెప్పింది.

ఆ పిల్లను తీసుకుపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. వాళ్ల అక్కను ఐదో తరగతిలోనే మాన్పించి పత్తి చేలకు పంపారు. ఈమెను చదివిద్దామా వద్దా అని వాళ్ల నాయన ఏడాదంతా ఊగిసలాడి, చివరికి వాళ్ల టీచరు పోరు పడలేక పంపాడు. "ఇంటికి బోతే మల్లా రానీరు," అని ఒకసారి లెక్కలు చేసుకుంటూ చెప్పింది. ఆమె నాతో చెప్పిన అతి పొడుగాటి మాట అదే.

ఇంకొక్కసారి కాదు, రెండుసార్లు అయింది. మేడం కార్డు రాసేసింది. ఆదివారం వాళ్ల నాయన వస్తాడు. ఆ వారమంతా త్రిపురాంతకం పిల్ల ఎప్పటిలాగే బడికి పోయింది, ఎప్పటిలాగే పాఠాలు రాసుకుంది. నేను పడుకునేముందు ప్రార్థన చేసేదాన్ని. అమ్మను కాపాడు, నాయనను కాపాడు, లెక్కల్లో మార్కులు ఇవ్వు అని అన్నీ చెప్పేదాన్ని, ఈ ఒక్క సంగతి తప్ప. దేవుడికి తెలియదనుకున్నానో, తెలిసినా ఊరుకుంటాడనుకున్నానో.

గురువారం సాయంత్రం వంటపెద్దమ్మ నన్ను ఒక్కదాన్నే వంటపాకకు పిలిచింది. ఒక చిన్న గిన్నెలో నానబెట్టిన మెంతులు, పైన బెల్లం ముక్క. "తిను, కడుపు సల్లబడతాది. ఎవురికీ చెప్పగాకు," అంది. నాకు ఒళ్లు పులకరించింది. ముప్పై మందిలో నన్ను ఏరి పిలిచింది. అమ్మ లేదని జాలిపడింది, నేనంటే ఆమెకు ప్రేమ అనుకున్నాను. మెంతుల చేదు కూడా తెలియకుండా నమిలి మింగాను. శుక్రవారం పిలిచింది, శనివారం పిలిచింది. ఆ మూడు రోజులూ ఆమె నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని, మా ఊరి గురించి, అమ్మ గురించి అడిగింది. నేను లొడలొడా చెప్పేదాన్ని. అన్ని వారాల తర్వాత ఒకరు నన్ను అడిగి కూర్చోబెట్టి విన్నారు. గిన్నెలో చివరి పలుకు కూడా మిగల్చలేదు. నా కంచంలో రోజూ కారం పెడుతున్న ఆ పిల్లకు ఒక బెల్లం ముక్క దాచి ఇద్దామని ఒక్కసారీ తోచలేదు.

ఆదివారం తెల్లవారింది. చాప తడిసింది. మేడం వచ్చి నిలబడింది, పిల్లలు చుట్టూ మూగారు. వంటపెద్దమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి బొంత ఎత్తింది. ఆమె ముక్కు దగ్గర పెట్టుకోవాల్సిన పని కూడా లేకపోయింది. నాకే తగిలింది. మెంతులు. మగ్గిన మెంతులు, కాస్త తియ్యగా. ఆమె విద్యంతా నాకు వచ్చు కదా, ఒక్క క్షణంలో మొత్తం అర్థమైపోయింది. ఆ మూడు సాయంత్రాలు ప్రేమ కాదు, పరీక్ష.

పెద్దమ్మ నన్ను చూసింది. నేను నేల చూశాను. ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను. ఆమె బొంతను చుట్టి చంకలో పెట్టుకుని, "నేను ఉతుకుతాలే మేడం. కొమరోలు పిల్లను నీళ్లు కొట్టేదానికి పంపియ్యి," అంది. అంతే. మిగతా పిల్లలు ఎప్పటిలాగే త్రిపురాంతకం పిల్ల వైపు తిరిగి మూతులు తిప్పుకున్నారు. ఆ పిల్ల తన ట్రంకుపెట్టె తెరిచి పుస్తకాలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

బోరింగు దగ్గర నేను నీళ్లు కొడుతున్నాను, ఆమె బొంతను తొక్కుతోంది. చివరికి నేను కొట్టడం ఆపేశాను. అప్పుడు చెప్పింది, వాళ్ల ఇంటాయనకు చక్కెర జబ్బుండేదట. ఎవరో చెబితే ఏళ్ల తరబడి మెంతులు నానబెట్టి పెట్టింది. చివరి రోజుల్లో ఆయనకు తెలియకుండానే పక్క తడిసేది. దుప్పట్లు, చొక్కాలు, మంచం నులక అన్నిటికీ ఇదే వాసన. ఆయన పోయాక కూడా ఆ నులక విప్పబుద్ధి కాక ఏడాది అట్లాగే ఉంచిందట. "ఈ వాసనంటే నాకు రోత గాదు పాపా," అంది.

నేను ఏడవడం మొదలుపెట్టాను. నన్నే ఎందుకు అనుమానించావని అడిగాను, ఏడుస్తూనే, కోపంగా కూడా.

"ఆ పిల్ల ఒక్కతూరి గాదనింది. నువ్వు పదితూర్లు అన్నావు. దానికితోడు ఆ గేటుకాడ కూత నాది. దాన్ని బట్టుకోని ఒకరి సదువు బోతాంటే నాకు అన్నం బోతాదా?"

మరి మేడంకు ఎందుకు చెప్పలేదన్నాను. ఆమె బొంతను తిరగేసి మళ్లీ తొక్కింది.

"నేను జెప్తే దొంగను బట్టిచ్చినట్టుంటాది. నువ్వు జెప్తే జబ్బు జెప్పుకున్నట్టుంటాది. వాళ్ల నాయన వచ్చిందాకా టైముంది. అప్పటికీ నీకు నోరు రాకపోతే నేనే జెప్తా. ఆ పిల్లనైతే బోనియ్యను."

ఆ మాట చెప్పి ఆమె బొంత పిండడానికి ఒక కొస నా చేతికిచ్చింది. ఇద్దరం చెరో కొస పట్టుకుని మెలితిప్పాం. నా బలం చాలక నా కొస జారిపోతుంటే ఆమె ఆగి, నేను మళ్లీ పట్టుకున్నాక తిప్పింది.

బొంత తీగ మీద వేసి వచ్చేసరికి వాళ్ల నాయన వచ్చేశాడు. వరండా మెట్టు మీద చెప్పులు విప్పి, పైకి ఎక్కకుండా కిందే నిలబడి ఉన్నాడు. మొహం నల్లగా వాడిపోయి ఉంది. మేడం మాట్లాడుతోంది, ఆయన తలాడిస్తున్నాడు. ఆ పిల్ల ట్రంకుపెట్టె తీసుకొచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. ఆయన పెట్టె ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. వంటపెద్దమ్మ బోరింగు దగ్గర నుంచి నన్నే చూస్తూ అటు కదిలింది. ఎవరి చేతా మాట పడగాకు అన్న అమ్మ గొంతు ఒకపక్క. గేటు వైపు తిరిగిన ఆ పెట్టె ఒకపక్క. వాళ్లు గేటు దాటుతుంటే ఎట్లా పరిగెత్తానో నాకు తెలియదు. పోయి ఆయన పంచె పట్టుకున్నాను.

"నేను... నేనే పోసింది. ఆ పిల్ల గాదు. ప్రతిసారీ నేనే."

వీధిలో అంత గట్టిగా అరిచాను. వరండాలో పిల్లలందరూ విన్నారు, ఎదురింటివాళ్లు కూడా విన్నారు. మేడం గబగబా వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు, కొట్టి ఉంటే బాగుండేది. నన్ను అట్లా కాసేపు చూసి, "ఇన్ని రోజులు ఎట్ల ఊరుకుంటివే?" అంది. ఆ పిల్ల నాయన మాత్రం భుజం మీది పెట్టె దించి, దాని మీదే కూర్చుండిపోయాడు. కళ్లు తుడుచుకున్నాడో, చెమట తుడుచుకున్నాడో. కాసేపటికి నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "సరేలే తల్లీ, పసిబిడ్డవి. నేను రెండు గంటల బస్సుకు ఒక్కణ్ణే పోతాలే," అన్నాడు.

ఆయన పోయాక ఆ పిల్ల పెట్టెను లోపలికి ఈడ్చుకుపోతుంటే రెండో వైపు నేను పట్టుకున్నాను. తప్పైపోయిందని చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నీకు నా మీద కోపం లేదా అన్నాను చివరికి.

"నాకు తెలుసు నువ్వేనని," అంది. మామూలుగా, లెక్కకు జవాబు చెప్పినట్టు.

తెలిసీ ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆ పిల్ల పెట్టె తన చోట పెట్టి, పుస్తకాలు బయటికి తీసుకుంటూ, "మీ ఇంటికి తాళమేసినారు గదా. నిన్ను పంపిస్తే యాడికి బోతావు?" అంది.

నేను అక్కడే నేల మీద కూలబడిపోయాను. అన్ని రోజులూ నాకు ఎవరూ లేరని బోరింగు వెనక ఏడ్చాను. నా పక్కనే, నా బొంతలోనే, నా కోసం తన చదువు పోయినా ఊరుకున్న మనిషి ఉంది. నాకు కనబడలేదు. ఏకాకిని అని ఏడ్చే మనిషికి తన ఏడుపు తప్ప ఇంకేమీ కనబడదని పన్నెండేళ్లకే నాకు తెలిసింది.

ఆ తర్వాత సుఖంగా గడిచిందని చెప్పలేను. పిల్లలు నన్ను నెల రోజులు ఏడిపించారు. నా చాపను వంటపాక పక్క గదిలోకి మార్చారు. వంటపెద్దమ్మ పక్కనే పడుకున్నాను. ఆమె నన్ను ఒక్కసారి కూడా ఓదార్చలేదు. పొద్దు గూకాక నీళ్లు తాగనిచ్చేది కాదు, తెల్లారగట్ల లేపి బయటికి పంపేది, అంతే. కోతలు ముగిసి అమ్మ తిరిగొచ్చాక ఆ జబ్బు దానంతటదే పోయింది. నేను ఒప్పుకున్న మర్నాడు, సోమవారం సాయంత్రం మాత్రం నా కంచంలో అన్నం కదిపితే అడుగున ఎర్రగా కారం ఉంది. అందరి ముందూ ఎక్కెక్కి ఏడ్చాను. ఎవరూ ఎందుకని అడగలేదు, మామూలు ఏడుపే అనుకున్నారు.

మేమిద్దరం మళ్లీ ఒక చాపలో పడుకోలేదు. ఎనిమిదో తరగతి అయ్యాక వాళ్లు కుటుంబంతో సహా ఎటో పనులకు వలసపోయారని విన్నాను. నేను చదువుకున్నాను, మార్కాపురంలో చిన్న ఉద్యోగం చేశాను, పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఇప్పుడు ఆయన లేరు. ఎన్నోసార్లు త్రిపురాంతకం బస్సు ఎక్కి పోయి ఆ ఊళ్లో అడిగాను. ఇంటిపేరు కూడా సరిగ్గా తెలియని మనిషిని ఎవరని అడుగుతాం? ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర అట్లాగే ఉండిపోయింది.

ఇప్పుడు మార్కాపురంలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. అల్లుడు ఉద్యోగానికి, అమ్మాయి ఉద్యోగానికి పోతే ఇల్లంతా నాదే, మాట్లాడడానికి గోడలున్నాయి. సాయంత్రం మనవరాలు బడి నుంచి వస్తే నాకు పొద్దు పొడిచినట్టు. ఆరేళ్లది. రోజూ నా మంచంలోనే, నా చెయ్యి తల కింద పెట్టుకుని పడుకునేది. పోయిన చలికాలం ఒక పొద్దున పక్క తడిసింది. ఇంత పెద్దదానివయ్యావు, ఇంకా ఇదేంటి, ఈసారి చేస్తే మీ క్లాసులో మిస్‌కు చెప్తా అని అమ్మాయి అంతకుముందే దాన్ని బెదిరించి ఉంది. ఆ పొద్దున దుప్పటి పట్టుకుని, "ఎవరే ఇది?" అని గట్టిగా అడిగింది. పిల్ల నా జబ్బ వెనక్కి నక్కి వణుకుతోంది.

"దాన్నేం అనొద్దు, నేనే," అన్నాను. "వయసు మీద పడింది కదమ్మా."

అబద్ధమే. అమ్మాయి మొహం ఒక్కసారిగా మారిపోయింది. పాపం, నొచ్చుకుంది. ఆ సాయంత్రమే నా పరుపు మీదికి ఒక ప్లాస్టిక్ షీటు వచ్చింది. మందుల చీటీ రాయించడానికి ఆస్పత్రికి తీసుకుపోయింది. పిల్లకు ఇబ్బందని దాన్ని తన గదిలో పడుకోబెట్టుకోవడం మొదలుపెట్టింది. నేను కాదని ఒక్క మాట చెబితే పిల్ల మళ్లీ నా పక్కలోకి వస్తుంది. చెప్పలేదు. షీటు కదిలినప్పుడల్లా కరకరలాడుతుంది, మంచం వెడల్పుగా, చల్లగా ఉంటుంది. త్రిపురాంతకం పిల్ల అన్ని వారాలు ఊరుకున్నప్పుడు ఆమెకు ఎట్లా ఉండిందో ఇప్పుడు నాకు కొంత తెలుస్తోంది. పొద్దున బడికి పోయేటప్పుడు మనవరాలు మాత్రం గుమ్మం దాకా పోయి, ఎందుకో వెనక్కి వచ్చి, నా చెయ్యి ఒక్కసారి గట్టిగా పట్టుకుని పోతుంది.